ముక్కు సాక్ష్యం

ట్రాక్టరు కింద తొట్టి పెట్టి, గేరుబాక్సు అడుగున బోల్టు విప్పాడు ముక్కు మేస్త్రి. నూనె కారలేదు, జారింది. నల్లగా, ముద్దలు ముద్దలుగా, తొట్టిలో టపటపా రాలింది. షెడ్డంతా మాడిన కంపు.

"ఛీ ఛీ! ఇది నూనె అంటే నూనెకి పరువు నష్టం బావా!"

బావ అంటే అక్క మొగుడు, వడ్రంగి. ట్రాక్టరు ఆయనదే. సాయంత్రం కొనడానికి ఇటుకల బట్టీ నడిపే పెద్దమ్మ వస్తోంది. ఆ చుట్టుపక్కల పాత బండి బేరమంటే, మేస్త్రి గేరు నూనెలో వేలు ముంచి, వాసన చూసి, "బాగుంది" అనాల్సిందే. ఆ మాట పడ్డాకే మిగతా మాటలు. పేరుకు ముందు ముక్కు చేరింది అలాగే.

గేరు రాడ్డుతో సహా పైమూత ఎత్తి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టాడు. వేళ్లకు దొరికింది నలిపి చూశాడు.

"రంపపు పొట్టా! గేర్ల మోత వినబడకుండా కూరావా?"

"మరీ అరుస్తోందిరా. కాస్త నోరు మూయించా."

"పళ్లు ఊడిన గేరుకి పొట్టు మేపుతావా? పశువనుకున్నావా? బేరింగు కూడా పిండైపోయింది. మొత్తం విప్పి మార్చాలి."

"ఇప్పుడు విప్పితే బేరం పోతుంది. తీసింది తీసినట్టే పోసెయ్, బామ్మర్దీ. ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోయింది? మీ అక్క ముఖం చూడు."

అక్క ముఖం అక్కడ లేకపోయినా మేస్త్రికి కనబడింది. ముక్కు మూసుకుని, ఆ కుళ్లంతా తిరిగి పోశాడు. మూత బిగించాడు. సబ్బుతో ఎంత తోమినా కంపు చేతిని వదల్లేదు. తన చెయ్యి మీద తనకే రోత పుట్టింది.

పెద్దమ్మ వచ్చింది. టైరు తన్ని చూసింది. "ఇటుకల లోడుతో గట్టెక్కాలి అబ్బాయ్. నడిపేది నా కూతురు. గేరు జారదు కదా?"

"మా బామ్మర్దిని అడగండి," అన్నాడు బావ, పళ్లన్నీ బయటపెట్టి. గేరుకి లేనివి ఆయనకున్నాయి మరి.

మేస్త్రి నూనె మట్టం చూసే పుల్ల తీసి, వేలికి రాసుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "బా..." అన్నాడు. అంతే. మాట మింగలేక, కంపు ఓర్చలేక, భళ్లున కక్కేశాడు. బావ కొత్త చెప్పుల మీదే.

"అయ్యో నా చెప్పులు!"

"బాగుంది," అంది పెద్దమ్మ, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి. "నోరు బావ పక్షం, ముక్కు నా పక్షం. లోపలేముంది నాయనా?"

మేస్త్రి మూతి తుడుచుకున్నాడు. "రంపపు పొట్టు, పెద్దమ్మా. ఈ బండి మీ అమ్మాయిని గట్టెక్కించదు, గట్టు మీంచి దొర్లిస్తుంది."

"అయితే బాగుచేసి కబురంపు. అప్పుడూ నీ ముక్కే చెప్పాలి. నోరు వద్దు." ఆమె వెళ్లిపోయింది.

"కొంప ముంచావు కదరా!" అన్నాడు బావ.

మేస్త్రి మళ్లీ తొట్టి పెట్టాడు, మూత ఎత్తాడు, కడగడానికి బావ చేతికి డీజిల్ డబ్బా అందించాడు.

"నేనా?"

"పొట్టు కూరిన చెయ్యే తియ్యాలి. చొక్కా చేతులు మడుచుకో."

బావ మోచేతి దాకా చెయ్యి దించి, ముఖం పక్కకు తిప్పుకుని, ఓకరించాడు.

"మూలల్లో ఇంకా ఉంది," అన్నాడు మేస్త్రి. "గోరు పెట్టి గీకు."