చప్రాసి కూర్చునే జాగా

ఆదివారం పూట కూడా రాజలింగు ఖాకీ కోటు గుండీలు పెట్టుకుంటుంటే భార్య ప్రమీలమ్మకు నవ్వాగలేదు. షికారుకు పోయేవాడికి కోటెందుకని అడిగింది. ఆ కోటు లేకపోతే యూనివర్సిటీలో తనను ఎవడూ గుర్తుపట్టడని చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. లాగిన లాగుడికి గుండీ ఊడి చేతికొచ్చింది. చిరాకు అక్కడ మొదలైంది.

ఆర్ట్స్ కాలేజీలో చప్రాసి పని. తార్నాకలో ఒక గది కాపురం. నడిచిపోయేంత దూరమే అయినా తల్లి లచ్చవ్వను ఇన్నేళ్లలో ఒక్కసారీ అక్కడికి తీసుకుపోలేదు. కొడుకు కూర్చునే చోటు చూడాలని ఆమె అడుగుతూనే ఉంది. చూపించడానికేముంది, ప్రొఫెసరు గది బయట ఒక కర్ర స్టూలు. లోపల గంట మోగితే చటుక్కున లేవాలి. ఆ లేవడం తల్లి కంట పడకూడదనే అతని బాధంతా. సెలవు రోజైతే గంట ఉండదు. తలుపు తీస్తానని వాచ్‌మన్ పేరయ్య మాట కూడా ఇచ్చాడు.

లచ్చవ్వ పెట్టెలో దాచుకున్న కొత్త చెప్పులు తీసి వేసుకుంది. అవి కరుస్తుంటే నాలుగడుగులకోసారి ఆగింది. ప్రమీలమ్మ పులిహోర డబ్బా, కూజా, చాప మోసుకుని జాతరకు పోతున్నట్టు బయల్దేరింది. సగం దారిలో కూతురు సమ్మక్క ఎత్తుకోమని రోడ్డు మీద కూలబడింది. సైకిలు మీద పోతున్న విద్యార్థి ఒకడు ఖాకీ కోటు చూసి ఆగి, లైబ్రరీ తెరిచారా అని అడిగాడు. పిల్లను చంకనేసుకున్న రాజలింగు అలవాటు కొద్దీ చేతులు కట్టుకోబోయాడు.

కాలేజీ మెట్ల దగ్గర లచ్చవ్వ చెప్పులు విడిచి, మొదటి మెట్టును తాకి కళ్లకద్దుకుంది. చదువులమ్మ ఉండే చోటికి చెప్పులతో పోతారా అని అందరిచేతా విడిపించింది. మిట్టమధ్యాహ్నం రాయి పెనంలా కాలుతోంది. నలుగురూ గెంతుకుంటూ ఎక్కారు. పైన తలుపుకు తాళం. పేరయ్య గోల్నాకలో వియ్యంకుడింటికి పోయాడని తోటమాలి కింద నుంచి కేకేసి చెప్పాడు. రోజూ ఆ తాళం తీసేది రాజలింగే. శనివారం సాయంత్రం తాళంచెవి పేరయ్యకు అప్పగించడం రివాజు. రెండు చేతులతో తాళాన్ని గుంజాడు. అది కదల్లేదు.

లచ్చవ్వ తలుపు సందులో కన్ను పెట్టింది. "అంత చీకటే ఉన్నది బిడ్డా. నువ్వు ఏడ కూసుంటవ్?"

అతనికి ఒళ్లు మండిపోయింది. "ఏడ కూసుంటే ఏందే అవ్వా? కుర్చీ కాదు నాది, స్టూలు. గంట కొడితే లేవాలె."

"స్టూలైతే ఏంది? కూసుంటందుకు జాగ ఉన్నది గద" అంది ముసలామె, ఇంకా సందులోంచి చూస్తూనే.

ఆ మాటకు అతనికి ఇంకా కోపం వచ్చింది. విసవిసా దిగి చెప్పులేసుకుని చెట్ల కిందికి నడిచాడు. మిగతావాళ్లు వెనకాల పరుగెత్తారు. పులిహోరకు చీమలు పట్టాయి. కూజా ఒలికి చాప తడిసింది. తిరుగుదారిలో ఇల్లు కనబడుతుండగా ప్రమీలమ్మ అత్త కాళ్ల వంక చూసింది. కరిచే చెప్పులు లేని సుఖంలో పడి లచ్చవ్వ వాటిని మెట్ల దగ్గరే మరిచింది. వెనక్కి పోయి తెమ్మంటే రాజలింగు తల కూడా తిప్పలేదు.

"రేపు డ్యూటీకి పోత గద, తెస్త."

"తెద్దువు తియ్" అంది లచ్చవ్వ.

ఇంటికి చేరాక అరికాళ్లు మండుతున్నాయని నీళ్లు చల్లుకుని గడప పక్కన పడుకుంది. దీపాలవేళ ప్రమీలమ్మ చాయ్ తెచ్చి లేపితే లేవలేదు.

దినాలు చేసి రాజలింగు మళ్లీ పనికి పోయాడు. ముందుగా మెట్ల కింద వెతికాడు. ఏమీ లేవు. అప్పుడే వెనక్కి తిరిగి ఉంటే ఎంత దూరమని, తనను తానే తిట్టుకుంటూ పైకెక్కాడు. ప్రొఫెసరు గది ముందు స్టూలు మీద కూర్చోబోతూ వంగి చూశాడు. తోటమాలి చెప్పాడేమో, పేరయ్య తెచ్చి పెట్టినట్టున్నాడు.

లోపల గంట మోగింది. రాజలింగు లేవలేదు. స్టూలు కింద, దుమ్ము తుడిచి, జతగా పెట్టి ఉన్నాయి లచ్చవ్వ కొత్త చెప్పులు.