బయటి కొలత చూసి కొన్న పెట్టె

నేను ఒక కంప్యూటర్ కేబినెట్‌ని. నన్ను తెచ్చిన రోజు ఆ ఇంట్లో ఐదుగురున్నారు. బీరువాలూ కిటికీ గ్రిల్సూ చేసే వీరాచారి, ఆయన భార్య ఈశ్వరమ్మ, నులక మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరించుకుంటున్న ఆయన తల్లి, ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతూ సెలవులకు వచ్చిన కొడుకు మౌనేష్, పదో తరగతి పరీక్షలు రాసి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు చదువుతున్న కూతురు కామాక్షి. నన్ను కొన్నది కామాక్షి కోసమని ఆ రోజు అందరూ అన్నారు. అందరూ అన్న మాటే కనక దాన్ని ప్రత్యేకంగా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

నేను పుట్టింది సముద్రానికి అవతల ఒక రేకుల కర్మాగారంలో. ప్రెస్సు కింద ఒక్క దెబ్బకు నా వీపు తయారైంది, ఇంకో దెబ్బకు గాలి కన్నాలు పడ్డాయి. నల్లరంగు పొడి చల్లి కొలిమిలో కాల్చారు. ఎడమ పక్క మాత్రం గాజు బిగించారు. మనుషులు తమ ఇళ్లకు ఇటుక గోడలు కట్టుకుంటారు, మా కడుపులో ఏముందో మాత్రం బయటికి కనపడాలి వాళ్లకు. పైగా నన్ను సీపీయూ అంటారు. అది నాలో కాపురముండే చిన్న బిళ్ల పేరు. అద్దెకున్నవాడి పేరే ఇంటికీ పెట్టినట్టు. నేనేమీ అనుకోను. నా పేరు అడిగినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఒంగోలులో ఒక దుకాణం అరలో కూర్చుని ఉండగా తండ్రీ పిల్లలూ ముగ్గురూ వచ్చారు. వీరాచారి కూతురికి మాటిచ్చాడట. ప్రవేశ పరీక్ష పాఠాలు రోజూ సాయంత్రం కంప్యూటర్‌లో వస్తాయి. ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద ఫోనూ మౌనేష్ చేతిలోంచి దిగదు. అందుకని కంప్యూటర్ కొందాం, సాయంత్రాలు నీవే అన్నాడు. ఆ పాఠాలకు చిన్న కంప్యూటర్ చాలు. మౌనేష్ మాత్రం ఆటల కోసం ఒక పెద్ద గ్రాఫిక్స్ కార్డు ముందే తెప్పించుకున్నాడు. మూడు ఫ్యాన్లతో జానెడున్నర పొడవుంది. దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చి, దానికి తగ్గ పెట్టె వెతుకుతున్నాడు. అతని కళ్లు నా గాజు మీద పడ్డాయి.

"ఇదే నాన్నా. లోపల లైట్లు వెలిగితే చూడు ఎట్టుంటదో."

"కార్డు పొడవు చూసుకున్నారా?" అన్నాడు దుకాణం అతను, ఇంకొకరికి ఏదో అందిస్తూ.

వీరాచారి జేబులోంచి టేపు తీశాడు. నన్ను ముందు నుంచి వెనక్కి కొలిచాడు. "పదిహేనంగుళాలుంది. కార్డు పన్నెండున్నర. ఇంకా చోటు మిగులుద్ది."

బీరువాలు చేసేవాళ్లకు బయటి కొలతే కొలత. ఆరున్నర అడుగుల బీరువా అంటే నేల నుంచి నెత్తి దాకా ఆరున్నర అడుగులు. లోపల చీరలు ఎన్ని పడతాయన్నది కొనుక్కున్నవాళ్ల తిప్పలు. కానీ నా ముందు భాగంలో ఫ్యానుంది, దాని వెనక హార్డ్ డిస్కులు పెట్టే ఇనప అర ఉంది. అవి తిన్నంత తినగా కార్డుకు మిగిలేది పదకొండంగుళాలే. నా అట్టపెట్టె మీద ఆ సంగతి అచ్చేసి ఉంది. దాన్ని వంగి చదివింది కామాక్షి ఒక్కతే.

"నాన్నా, దీంట్లో పట్టదు. అదుగో, అదైతే పట్టుద్ది," అంది, పక్కనున్న వెడల్పాటి పెట్టెను చూపిస్తూ. దానికి గాజు లేదు.

"అది బియ్యం డబ్బాలా ఉంది. నువ్వు మాట్లాడమాక," అన్నాడు మౌనేష్.

వీరాచారి నవ్వాడు. "అమ్మా, నీ వయసప్పటి నించి రేకు కొలుస్తన్నా నేను."

అంతే, కామాక్షి ఊరుకుంది. ఆ పిల్ల ఊరుకుంటే మాట ఒప్పుకున్నట్టేనని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

తెరతో, మిగతా సామానుతో పాటు నన్ను ఇంటికి తెచ్చి వసారాలో చాప మీద పెట్టారు. ఇనప వస్తువు గడప దాటితే పూజ చేయాల్సిందేనని నాయనమ్మ పట్టుబట్టింది. నా నెత్తిన పసుపూ కుంకుమా పెట్టించి, పక్కన నిమ్మకాయ కోయించింది. తర్వాత మౌనేష్ ఫోన్‌లో వీడియో చూస్తూ ఒక్కొక్కటే చెప్పడం, కామాక్షి బిగించడం. వెంట్రుకల్లాంటి తీగలు దూరాల్సిన చోట అతని వేళ్లు పట్టలేదు. మదర్‌బోర్డు కూర్చుంది, కరెంటు పెట్టె కూర్చుంది. ఆఖరికి కార్డు పెట్టబోతే దాని మూతి వెళ్లి ఇనప అరకు గుద్దుకుంది. అడ్డంగా తిప్పారు, ఏటవాలుగా పెట్టారు. ఎట్లా పెట్టినా పట్టలేదు.

"కార్డు లేకుండా కూడా నడుస్తది అన్నా. నా పాఠాలకు చాలు," అంది కామాక్షి.

"నీ పాఠాలకు చాలుద్ది. నాకు?"

"పోనీ, రేపు దుకాణానికి తీసకపోయి మార్చుకుందాం నాన్నా. ఇంకా గీత కూడా పళ్లేదుగా."

ఆ మాట వీరాచారికి ఎక్కడో తగిలింది. "చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ బీరువాలు చేసే వీరాచారి డబ్బా కొలత తప్పాడని ఒంగోలు దాకా పోయి చెప్పుకోనా? ఇదేమన్నా రాయా? రేకేగా."

అడ్డమొచ్చిన రేకును కోయడం ఆయనకు అన్నం తిన్నంత తేలిక. "ఆగు నాన్నా, లోపలివి తియ్యనియ్యి," అని కామాక్షి గబగబా బిగించినవన్నీ విప్పింది. గాజు తలుపు కూడా ఊడదీసి పక్కన ఆనించింది. నన్ను షెడ్డుకు మోసుకుపోయి బీరువా తలుపుల మధ్య పడుకోబెట్టారు. గ్రైండర్ తిరిగింది. నొప్పి సంగతి చెప్పను, వినేవాళ్లు ఉన్నప్పుడు కదా. ఇనప అర ఊడి కింద పడింది. నిప్పురవ్వలు ఎగిరి, వెనకాలే ఎవరో తెచ్చి ఆనించిన నా గాజు మీద పడ్డాయి. ఏ గాజును చూసి నన్ను కొన్నారో ఆ గాజంతా అమ్మవారు పోసిన ముఖంలా అయింది.

మౌనేష్ ముఖం మాడింది. "ఏంది నాన్నా ఇది?"

"గోడ వైపుకు తిప్పి పెట్టుకోరా. ఎవురు చూడొచ్చారు?"

నా మూలమూలలా ఇనప రజను చేరింది. ఒక్క రేణువు తగిలినా బోర్డు కాలిపోతుందని కామాక్షికి తెలుసు. వంటింట్లోకి వెళ్లి తల్లి చపాతీలకు కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తెచ్చి, దాంతో నా లోపలంతా అద్ది అద్ది రజను తీసింది. పిండి నల్లబడితే ఇంకో ముద్ద తెచ్చింది.

"చపాతీలు అందులోనే కాలుస్తావేందే?" అన్నాడు మౌనేష్. నాయనమ్మ పడీపడీ నవ్వింది. కామాక్షి కూడా కొంచెం నవ్వింది.

మళ్లీ అన్నీ బిగించింది. ఈసారి కార్డు కూర్చుంది. మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది. "చూశావా, పట్టదన్నావ్," అన్నాడు వీరాచారి కూతురితో. నిజంగానే గెలిచానని ఆయన అనుకుంటున్నాడు. ఈశ్వరమ్మ అందరికీ బెల్లం ముక్కలు పెట్టింది, ముందు కొడుక్కి.

వసారాలో ఉంచితే దుమ్ము పడుతుందని నన్ను మౌనేష్ గదిలో పెట్టారు. గాజు గోడకు, ముఖం గుమ్మానికి. "సాయంత్రాలు ఈడికే వచ్చి చదువుకోమ్మా," అన్నాడు వీరాచారి.

మొదటి సాయంత్రం కామాక్షి తల దువ్వుకుని, పెన్ను పట్టుకుని వచ్చింది. మౌనేష్ తెర మీద ఎవరినో తుపాకీతో కాలుస్తున్నాడు. "ఈ ఒక్క ఆట," అన్నాడు. ఆ ఆట అయ్యేసరికి పాఠం అయిపోయింది. మర్నాడు స్నేహితులు ఆటలో ఉన్నారన్నాడు, వాళ్లతో మాటలకు ఫోనూ కావాలన్నాడు. ఆ తర్వాత ప్రాజెక్టు అన్నాడు. కామాక్షి వెళ్లి తల్లికి చెప్పింది. ఈశ్వరమ్మ, "మీ నాన్నతో చెప్పు," అంది. నాయనమ్మ మంచం మీది నుంచే, "చదువుకునే పిల్లోడే, వాణ్ణి కదిలించమాక," అంది. చదువుకునే పిల్లోడు నా లోపలి కార్డును కుంపటిలా కాగబెట్టి మనుషుల్ని కాలుస్తూనే ఉన్నాడు. కామాక్షి పాత పుస్తకాల్లో లెక్కలు చేసుకుంది. లెక్కలు వచ్చాయి, భౌతికశాస్త్రం కొంత తెలియలేదు. అది చెప్పేవాళ్లు నాలో ఉన్నారు. నేను గదిలో ఉన్నాను.

పరీక్షకు ముందురోజు సాయంత్రం నా తెర ఉన్నట్టుండి నల్లబడింది. మౌనేష్ నన్ను రెండుసార్లు చేత్తో కొట్టి, "కామాక్షీ!" అని కేకేశాడు. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చింది. మూత తీసి, వదులైన తీగను కనిపెట్టి నొక్కింది. తెర వెలిగింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"అన్నా, ఈ ఒక్క పూట కూర్చోనా? ఇయ్యాల మొత్తం మళ్లీ చెప్తారంట."

"ఆట మధ్యలో ఉండా. చూట్టంలా?"

అప్పుడే షెడ్డు నుంచి వీరాచారి వచ్చాడు. కామాక్షి ముఖం తేటపడింది. "నాన్నా, రేపే పరీక్ష," అంది.

వీరాచారి గదిలోకి తొంగి చూశాడు. కొడుకు నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తెర చూస్తున్నాడు. "గుమ్మంలోంచి పడమటెండ వాడి కళ్లల్లో పడతంది చూడు తల్లీ," అని, కూతురి భుజం పట్టి మెల్లగా, ప్రేమగానే వెనక్కి జరిపి, తలుపు మూశాడు.