కాలం దాటిన కణాలు

ప్రయోగశాలలో అందరూ గిన్నెలక్క అని పిలిచే ఆమె ఒక్కో గాజుగిన్నె మూత తీసి, పాత పోషక ద్రవాన్ని సన్నని గొట్టంతో పీల్చేసి, కొత్తది అంచు వెంట జారవిడుస్తోంది. నడిమధ్యన పోస్తే కణాలు చెదిరిపోతాయి. ఇన్నేళ్లలో నడుము వంగింది గానీ ఆమె చెయ్యి మాత్రం వణకదు.

“పిల్లలకు పాలు పట్టారా అక్కా?” ప్రయోగశాల డాక్టరమ్మ రోజూ ఆడే హాస్యమే.

“పట్టానమ్మా. ఏడవని పిల్లలు, ఎంతమందినైనా సాకుతాను.”

ఆ గిన్నెల్లో ఉన్నవి మెదడును పుట్టించే మూలకణాలు. మొదట్లో ఒక రకం నాడీకణాలను కంటాయి, కొన్నాళ్లకు మరో రకాన్ని, చివరికి నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాలను. ముదిరినవాటిని లేతవాటి మధ్య పెడితే మళ్లీ మొదటి పని చేస్తాయేమోనని డాక్టరమ్మ పరీక్షిస్తోంది. ఆ సంగతి చెవిన పడ్డప్పటినుంచి గిన్నెలక్క ఒక్క సెలవూ పెట్టలేదు.

ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో తమ్ముడున్నాడు. తల నెరుస్తున్నా మెడ నిలపలేడు. కడుపులో ఉండగానే మెదడు సరిగా కట్టుకోలేదన్నారు. అతనికొచ్చిన మాట ఒక్కటే, “అక్క.” దాహమైనా అదే, నొప్పైనా అదే. తల్లి పోయాక వచ్చిన సంబంధాలను ఆమె గుమ్మంలోంచే పంపేసింది. అతనికి ఒళ్లు తుడిచేటప్పుడల్లా ఒకటే దిగులు: నా తర్వాత వీణ్ణెవరు చూస్తారు?

మధ్యాహ్నం డాక్టరమ్మ సూక్ష్మదర్శిని మీంచి తలెత్తింది. “లాభం లేదక్కా. లేతవాటి మధ్య పెట్టినా ముదిరినవి ముదురు పనే చేస్తున్నాయి.”

“ఇంకేదైనా మందు వేస్తే?”

“వీటి కాలం దాటిపోయింది. మొదటి పని మర్చిపోయాయి.”

“మరి మొదట్లోనే సరిగా చెయ్యకపోతే?”

“అది అంతే ఇక. ఎందుకడిగారు?”

“ఊరికేనమ్మా.”

పారేయాల్సిన గిన్నెల్లో ఆమె క్రిమిసంహారిణి పోసింది. వాటిలోని గులాబీ రంగు ద్రవం చూస్తుండగానే వెలిసిపోయింది. గిన్నెలన్నీ కడిగి, బోర్లించి, బస్సెక్కింది.

పగలంతా తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండే పక్కింటి పిన్ని గుమ్మంలోనే ఎదురైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“తిని పడుకున్నాడే. ఇందాక లేపబోతే లేవలేదు.”

అతను పక్కకు ఒరిగి ఉన్నాడు. ఆమె అలవాటుగా పెదవి చివర తుడిచింది. చల్లగా తగిలింది.

“ఏమైనా అన్నాడా పిన్నీ?”

“ఏమంటాడు తల్లీ, వాడికొచ్చిన మాటే.”

నా తర్వాత ఎవరన్న దిగులు ఇక లేదు. ఆ మాట తనకు తానుగా మనసులోకి వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఏడుపు రాలేదు. మంచం పట్టె మీద కూర్చుని, మోయడానికి మనుషులు వచ్చేదాకా అతని వేళ్లు నిమురుతూనే ఉంది.

వాళ్లు తీసుకెళ్లాక గదిలో మంచం మిగిలింది. కిటికీ ఊచకు ఆమె ఎప్పుడో కట్టిన చిన్న అద్దం అలాగే ఉంది, పడుకున్నవాడికి వీధి తలుపు కనిపించేటంత వాలుగా.