సున్నా పడని అంగళ్లు

చిక్కబళ్లాపురం దగ్గరున్న ఆ విశ్వవిద్యాలయానికి ఒక గట్టి నమ్మకం ఉంది. వేర్వేరు విభాగాల పిల్లలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వాళ్ల చేతికి ఏదో ఒక కంపెనీ కష్టాన్ని అప్పగిస్తే ఏడాది తిరిగేలోపు ఆ కష్టం తీరిపోతుందని. తీరినా తీరకపోయినా మార్కులు మాత్రం పడుతూనే ఉన్నాయి కాబట్టి, ఆ నమ్మకానికి ఇంతవరకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ ఏడు నయన జట్టుకు చింతామణిలోని ఒక మసాలా పొడుల కంపెనీ వచ్చింది. జట్టులో ముగ్గురు. పునీత్ కంప్యూటర్ ఇంజినీరింగు, రశ్మి డిజైను, నయన కామర్సు. పునీత్‌కు మనుషులతో మాట్లాడటం చేతకాదు. రశ్మికి అంకెలంటే పడదు. నయనకు రెండూ ఓ మోస్తరుగా వచ్చు. అందుకని ఎవరికీ పట్టని పనులన్నీ ఆమె నెత్తిన పడ్డాయి.

కంపెనీ మేనేజరు మోహన్‌కుమార్ మొదటిరోజే సంగతి తేల్చి చెప్పాడు. చిక్కబళ్లాపురంలో కొత్త కొత్త అంగళ్లు లేస్తున్నాయి, అక్కడికి ఇంకో వ్యాను కావాలి. కొత్త వ్యాను కొనే ఉద్దేశం యాజమాన్యానికి లేదు. చింతామణి వైపు తిరిగేదాన్నో, బాగేపల్లి గుడిబండె వైపు తిరిగేదాన్నో అటు మళ్లించాలి.

"ఎంత అమ్ముడుపోతాండాదో మాకు తెలుసు. యాడ సరుకు చాలక జనం ఉత్త చేతుల్తో పోతాండారో అది తెలీదు. మీరు అది చూపించండి. యాడ కరువు లేదో ఆ వ్యాను తీసేస్తాం" అన్నాడు.

బాగేపల్లి పేరు వినగానే నయన నిటారుగా కూర్చుంది. ఆమెది ఆ ఊరే. తండ్రి వేరుశనగ కొనుగోళ్ల మీద ఊళ్లు తిరుగుతుంటాడు, కిరాణా అంగడి చూసుకునేది తల్లి వనజమ్మ. ఈ కంపెనీ వ్యాను అక్కడికి వారానికి ఒకసారి వస్తుంది. వచ్చిన నాలుగు రోజులకే పొడులు అయిపోతాయి, మిగిలిన రోజులు వనజమ్మ వచ్చినవాళ్లకు సర్దిచెప్పి పంపుతుంటుంది. లెక్క తేలితే తమ వ్యానును ఎవరూ ముట్టుకోలేరని నయనకు రవ్వంత కూడా అనుమానం లేదు. ఇంటికి ఫోన్ చేసి తల్లికి అభయం కూడా ఇచ్చేసింది.

అంగడివాళ్ల ఫోన్లలోకి ఒక యాప్ తయారుచేశారు. రశ్మి దానికి అందమైన బొమ్మలు గీసింది. ఒక్కో పొడికి ఒక్కో ప్యాకెట్టు బొమ్మ, కింద కన్నడంలోనూ తెలుగులోనూ పేరు. సాయంత్రం దీపం పెట్టే వేళకు అంగడివాళ్లు ఏ పొడి ఎన్ని ప్యాకెట్లు ఉన్నాయో నొక్కాలి. దాని వెనకాల నడిచే యంత్రాంగమంతా పునీత్‌ది. ఏ పొడి అయినా సున్నాకు దిగితే జిల్లా పటంలో ఆ అంగడి ఎర్రబడుతుంది. ఎరుపు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ కరువు ఉన్నట్టు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే ఏర్పాటు.

అంగడి అంగడికీ తిరిగి నేర్పించింది నయన. బాగేపల్లిలో, గుడిబండెలో ఆమెను వనజమ్మ కూతురనే అందరికీ తెలుసు. కూర్చోబెట్టి టీ తెప్పించారు, చెప్పింది చెప్పినట్టు చేశారు, ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. తన ఊరివాళ్ల బుద్ధిమంతతనానికి ఆమె మురిసిపోయింది. చిక్కబళ్లాపురంలో కొత్త అంగళ్లలో జీతానికి పనిచేసేవాళ్లు కూడా ఏదో తప్పదన్నట్టు నొక్కుతూ వచ్చారు.

రెండు నెలలయ్యాక పునీత్ పటం తెరిచి చూపించాడు. చిక్కబళ్లాపురం నిండా ఎరుపే. చింతామణి వైపు అక్కడక్కడా ఎరుపు. బాగేపల్లి, గుడిబండె వైపు ఒక్కటంటే ఒక్క ఎర్ర చుక్క లేదు.

"మీ సైడు సరుకు మూలుగుతాండాది కదా" అన్నాడు పునీత్.

"లేదు. ఏదో తప్పు జరిగింటాది, చూడు."

"తప్పు నా దాంట్లో లేదు. అందర్దీ ఒకటే లెక్క."

నయన అంగడివాళ్లకు ఫోన్లు చేసింది. ఉన్నది ఉన్నట్టే కొడుతున్నామని ఒక్కొక్కరూ ఒట్టేసి చెప్పారు. గుడిబండె ఆంజనప్ప అయితే నొచ్చుకున్నాడు. "మాకు అబద్ధం రాసే ఖర్మ ఏమమ్మా?" అన్నాడు. ఈలోగా మధ్యలో జరిగిన సమీక్షలో ఆ పటానికి మంచి పేరు కూడా వచ్చేసింది. ఇంత స్పష్టమైన ఫలితం ఏ జట్టుకూ రాలేదని ప్రాజెక్టు గైడు మేడం అందరి ముందూ మెచ్చుకుంది. మోహన్‌కుమార్ బాగేపల్లి పేరు పక్కన పెన్సిలుతో గీత గీసుకున్నాడు. ఆ గీతను నయన చూసింది.

ఆ శనివారం ఆమె ఊరికి పోయి అంగట్లో తల్లి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. సాయంత్రం లక్ష్మీదేవమ్మ అనే ఆమె సాంబారు పొడికి వచ్చింది.

"ఈ పొద్దు లేదమ్మా, రేపు రాండి. పొద్దున్నే వ్యాను వస్తాది" అంది వనజమ్మ.

"అట్లేలే, రేపే వస్తా. వేరేది వేస్తే ఇంట్లో ఎవురూ తినరు" అని లక్ష్మీదేవమ్మ వెళ్లిపోయింది.

నయన తల తిప్పి చూసింది. వెనక మేకుకు సాంబారు పొడి ప్యాకెట్టు ఒకటి నిక్షేపంగా వేలాడుతోంది.

"అమ్మా! ఆడ ఒకటి ఉండాది కదా!"

"అది ఇచ్చేది కాదు."

"ఎందుకు?"

అన్నం ఎందుకు తింటారని అడిగినట్టు చూసింది వనజమ్మ. "అంగట్లో ఏ సరుకైనా పూర్తిగా ఊడ్చి ఇచ్చేస్తారా ఎవురైనా? ఒకటి నిలబెట్టుకుంటేనే మళ్లా వస్తాది. మీ తాత కాలం నుంచీ ఇంతే. నీకు తెలీదా?"

తెలుసు. చిక్కంతా అక్కడే ఉంది. చిన్నప్పుడు తల్లి భోజనానికి లోపలికి పోతే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది తనే. ఆఖరి సబ్బు, ఆఖరి అగ్గిపెట్టె ఎవరడిగినా లేదనే చెప్పింది, ఎవరూ నేర్పకుండానే. అది ఎంతగా ఒంట్లో ఇంకిపోయిందంటే, అదొక ఆచారమని కూడా ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. ఫోన్‌లో నొక్కడం నేర్పేటప్పుడు ఆంజనప్ప మేకుకున్న ఒంటరి ప్యాకెట్టును చూపించి "దీన్ని లెక్కపెట్టల్లా?" అని అడిగాడు. "ఉంటే ఉందనే కొట్టండి" అని చెప్పింది తనే. వాళ్లు అలాగే కొట్టారు. సరుకు అయిపోయిన ప్రతి అంగడీ చేతిలో ఒకటి ఉన్నట్టు నిజాయితీగా చెప్పింది. ఆ వైపు అంగళ్లలో సున్నా అన్నది పుట్టదు.

నయనకు మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత పెన్సిలు గీత గుర్తొచ్చి భయమేసింది.

సోమవారం జట్టుకు చెప్పింది. పునీత్ అంతా విని, ఒకటిని సున్నాగా లెక్కించమని రాయడం టీ తాగినంతసేపు పని అన్నాడు. రశ్మి మాత్రం, "ఎల్లుండి ఆఖరి సమీక్ష. ఇప్పుడు పోయి అంతా తప్పంటే, మీ అమ్మ అంగడి కోసం చెప్తాండావంటారు" అంది.

రశ్మి ఆ మాట దురుద్దేశంతో అనలేదు, నలుగురూ అనబోయేదే ముందుగా అంది. అదీ నిజమే. తల్లి అంగడికి వ్యాను రావాలని నయనకు నిజంగానే ఉంది. తన లాభం, ఉన్న నిజం ఒకే పక్కన కూర్చునేసరికి, నోరు తెరవాలంటే దొంగతనం చేస్తున్నట్టు సిగ్గేసింది. అయినా చెప్తానంది.

సమీక్ష చింతామణిలో కంపెనీ ఆఫీసులోనే జరిగింది. నయన లేచి నిలబడి మేకుకున్న ప్యాకెట్టు గురించి, ఆంజనప్ప ప్రశ్న గురించి, తాను ఇచ్చిన జవాబు గురించి, ఉత్త చేతులతో పోయిన లక్ష్మీదేవమ్మ గురించి ఏదీ దాచకుండా చెప్పింది. మా అమ్మ అంగడి ఆ లైన్లోనే ఉందని కూడా చెప్పింది. గైడు మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది.

మోహన్‌కుమార్ బల్ల మీద గట్టిగా చరిచి నవ్వడం మొదలుపెట్టాడు.

"మా అవ్వ బెల్లం గంపలో ఒక అచ్చు ఎప్పుడూ తియ్యనిచ్చేది కాదు! చింతామణి పేట వీధిలో అంగడి మాది. ఆ గంప పక్కన్నే పెరిగినాను. ఇన్ని నెలలు ఈ పటం ముందర పెట్టుకున్నా, నాకూ తట్టలేదు చూడు!"

పునీత్ అక్కడికక్కడే మార్చి చూపించాడు. అందరి కళ్ల ముందే బాగేపల్లి ఎర్రబడింది, గుడిబండె ఎర్రబడింది, చిక్కబళ్లాపురాన్ని మించిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు. రశ్మి నయన చెయ్యి పట్టుకుని నొక్కింది. నయనకు ఒళ్లంతా తేలికైపోయింది, ఆ క్షణంలో ఆమె కన్నా సంతోషంగా ఉన్నవాళ్లు చింతామణిలో ఉండరు.

"అయితే సార్, బాగేపల్లి వ్యాను..." అంది.

మోహన్‌కుమార్ నవ్వు ఆపి కుర్చీలో వెనక్కి వాలాడు. అతను చెడ్డవాడు కాదు. మంచి వ్యాపారి.

"ఒక మాట చెప్పమ్మా. ఆ లక్ష్మీదేవమ్మ తిరిగిపోయింది కదా. పక్కంగట్లో ఇంకో కంపెనీది కొనుక్కుందా?"

"లేదు సార్. వాళ్లింట్లో మీదే కావల్ల."

"మర్సటి దినం వచ్చిందా?"

ఆ ప్రశ్న ఎక్కడికి పోతోందో నయనకు అప్పుడే తెలిసిపోయింది. రాలేదని ఒక్క మాట అంటే చాలు. అక్కడున్న ఎవరూ బాగేపల్లి పోయి లక్ష్మీదేవమ్మను అడగరు. కానీ ఇంతసేపూ నిజం చెప్పి పొందిన గౌరవం ఇంకా ఒంటి మీద వెచ్చగానే ఉంది.

"వచ్చింది సార్."

"అందరూ అట్లే వస్తారా?"

"వస్తారు."

"చూడు మరి. చిక్కబళ్లాపురంలో ఒక పూట లేదంటే ఇంకోడి ప్యాకెట్టు తీసుకుని పోతారు, మళ్లా మన మొహం చూడరు. మీవాళ్లు కాచుకుంటారు. కాచుకునేవాళ్లకు తొందరేముండాది? బాగేపల్లికి చింతామణి వ్యానే పదైదు దినాలకొకసారి పోయొస్తాదిలే. బాగేపల్లి వ్యానును చిక్కబళ్లాపురానికి తిప్పుదాం."

పునీత్ తలూపాడు. లెక్క ప్రకారం అది సరైన మాటే. గైడు మేడం కూడా, లోతుగా పోతే సమాధానం ఎంత పక్కాగా వస్తుందో చూశారా అన్నట్టు మిగతా పిల్లల వైపు చూసింది. ఆ సంవత్సరం జట్లన్నిటిలోకీ ఎక్కువ మార్కులు వీళ్లకే పడ్డాయి. బయటికొచ్చేటప్పుడు మోహన్‌కుమార్ నయనను ఆపి, పరీక్షలు అయిపోగానే వచ్చి చేరమన్నాడు. అంగళ్ల నాడి తెలిసినవాళ్లు కంపెనీలో లేరన్నాడు. థాంక్స్ సార్ అంది నయన. అన్నందుకు మెట్లు దిగుతూ తనను తాను తిట్టుకుంది.

ఊరికి పోయి తల్లికి చెప్పేసరికి అంగట్లో రద్దీ తగ్గింది. వనజమ్మ శనక్కాయలు కొలుస్తూనే మొత్తం వింది.

"నువ్వు చెప్పింది నిజమే. వస్తారు" అంది చివరికి.

"అదే కదమ్మా, నేను వస్తారనకపోయింటే..."

"వస్తారు కానీ, మీ మేనేజరు పొడి కోసం వస్తారనుకున్నావా? రేపు రమ్మని నేను చెప్తే వస్తారు. పదైదు దినాలు రేపు, రేపు అని ఏ మొహం పెట్టుకుని చెప్పేది నేను? ఉత్త చేతుల్తో పోయేవాళ్ల మొహం చూసేది ఆయప్ప కాదు." శనక్కాయల సంచి మూతి బిగించి పక్కన పెట్టింది. "హిందూపురంలో ఇంకో కంపెనీ ఉండాది. వాళ్ల మనిషి అమరనాథ్ ఎన్ని మార్లు అడిగినా వద్దని పంపేసినాను. గోడ మింద నంబరు ఉండాది, ఫోన్ కలుపు."

"అమ్మా, నేను చేరాల్సింది ఆ చింతామణి కంపెనీలోనే."

"చేరు, వద్దన్నదెవురు? ఫోన్ కలుపు ముందు."

నయన కలిపింది. తల్లి చేతికి ఇవ్వబోతే, నువ్వే మాట్లాడమని సైగ చేసి వనజమ్మ ఒక చిన్నపిల్లకు చాక్లెట్టు ఇవ్వడానికి డబ్బా తెరిచింది. నయన సాంబారు పొడి చెప్పింది, కారం చెప్పింది, ధనియాల పొడి చెప్పింది. అవతల అమరనాథ్ అన్నీ రాసుకుని, ఒక్క అంగడి కోసం వ్యాను బాగేపల్లి దాకా రావడం గిట్టదమ్మా, ఆ వైపు ఇంకెవరైనా ఉంటే చెప్పండి అన్నాడు.

నయన తల్లి వైపు చూసింది. వనజమ్మ ఇటు చూడలేదు.

"ఉండారన్నా" అంది నయన. "గుడిబండెలో ఆంజనప్ప అంగడి. రాసుకోండి, ఇంకా చెప్తా."