ఎడమకు లాగే బండి

ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో పాత మోటార్‌సైకిళ్లు బాగుచేసే వార్సితో అనే మెకానిక్, తీర్తో అనే అతని బండికి వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ వంగిపోతే ఊడదీసి, వేరే మోడల్‌ది బిగించాడు. కొత్తది కాస్త వెడల్పు. రెండు పక్కలా అరగదీశాక గానీ పట్టలేదు. చివరికి రెండు చక్రాల వెంబడి దారం లాగిపట్టి చూశాడు. ఎక్కడా తేడా లేదు.

"మార్చమని మూడేళ్లుగా చెబుతున్నా, మొండివాడివి. ఎక్కు, గీత గీసినట్టు పోతుంది," అన్నాడు మెకానిక్.

తీర్తో వాళ్లన్న బగ్యో ఈ బండి మీద నుంచి పడే చనిపోయాడు. ఆ రోజు వంగిన ఇనుమును తీర్తో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బండి ఎడమకు లాగినప్పుడల్లా, వెనక సీట్లో అన్న అటు ఒరుగుతున్నాడనుకుని, అతనితో మాట్లాడేవాడు. నిన్న కూతురు లారస్ ఏడ్చింది. "పెదనాన్న ఉంటే నేనెక్కను నాన్నా." అందుకే మార్పించాడు.

వీధిలో పది గజాలు పోగానే బండి కుడికి, మురుగుకాలువ వైపు మళ్లింది. తీర్తో బ్రేకు వేసి తిరిగొచ్చాడు.

"కుడికి లాగుతోంది పాక్," అన్నాడు, పెద్దాయనను గౌరవంగా పిలుస్తూ.

వార్సితో మళ్లీ దారం పట్టి చూశాడు. "బండిలో ఏం లేదు. ఎడమకు పోకుండా ఇన్నాళ్లూ నువ్వే కుడికి ఒరిగి నడిపావు. నిటారుగా కూర్చో."

తీర్తో నిటారుగా కూర్చోబోయాడు. ఒళ్లు దానంతటదే కుడికి వాలింది.

ఇంటిదాకా బండిని తోసుకుంటూనే వెళ్లాడు. లారస్ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"పెదనాన్న దిగిపోయాడా?"

"బండైతే దిగాడు," అన్నాడు తీర్తో. తన ఒళ్లు ఇంకా కుడికే వాలుతుంటే, కూతుర్ని ఎక్కమనలేదు.