వాడ దీపం, నీహారిక రెక్కలు

సామేలు తన టెలిస్కోపుకు పసుపు వీధిదీపాల వెలుగును ఆపే ఫిల్టరు కొన్నాక ఎంతో కాలం గడవలేదు, కోరుట్లలో ఆ దీపాలే లేకుండా పోయాయి. వాటిని దించి తెల్ల ఎల్‌ఈడీలు బిగించిన కాంట్రాక్టు గుంపులో సామేలూ ఉన్నాడు. తన నెత్తిన తనే మన్ను పోసుకున్నాడని తోటివాళ్లు నవ్వారు.

ఊరంతా అయ్యాక ఆఖరికి సామేలు వాడకూ ఒక దీపం దక్కింది. అది అతని డాబాకు ఎదురుగానే పడింది. ఆకాశంలో వరసగా ఉండే మూడు చుక్కల కింద, టెలిస్కోపులో రెక్కలు చాచి కనిపించే నీహారిక ఆ తెల్ల వెలుగులో మాసిపోయింది. ఈ చలికాలం దాన్ని ఎట్లాగైనా ఇక్కడి నుంచే చూడాలని సామేలు పట్టు.

గుంపులో పనిచేసే రాజమౌళి ఆ సాయంత్రం డాబా ఎక్కాడు.

"దీపం స్విచ్చు నీ చేతులనే ఉన్నది గద. జరసేపు ఆపరాదే అన్న? ఎవలడుగుతరు?"

"మెయిన్ రోడ్డుది ఆపుదామా మరి?"

"గదెట్ల ఆపుతవు? నౌకరి పోతది."

"మా వాడదైతే పోదా?"

రాజమౌళి నవ్వాడు. "దీపం గావాలె, చుక్కలు గావాలె. అన్ని నీకే గావాల్నా?"

"అవ్, రెండు గావాలె. ఒకటి తీస్కుంటే ఇంకోటి ఇడువాలని మీకెవలన్న చెప్పిన్రా?"

కింద వీధిలో సామేలు మేనత్త లింగవ్వ బీడీల చాట చంకన పెట్టుకుని కార్ఖానా నుంచి వస్తోంది. పోయిన వానకాలం చీకట్లో ఈ వీధి మురికికాల్వలోనే, ఇదే మోరీలో పడి కాలు విరగ్గొట్టుకుంది.

"గొట్టంల ఏమన్న గనవడ్తుందారా కొడుకా?"

"కనవడ్తది అత్తా. నువ్వు దీపం కిందికెల్లి నడువు."

జగిత్యాలలో కళ్లద్దాల దుకాణం నడిపే ఖాలిద్ అప్పటికే రెండు కొత్త ఫిల్టర్లు తెప్పించి ఇచ్చాడు. ఒకటి ఉంచుకుని ఒకటి వాపసు పంపాలి. చీకటి పడ్డాక సామేలు మొదటిది బిగించాడు. అది నీహారిక వెలుగులోని ఒక్క సన్నని ఆకుపచ్చనే పోనిస్తుంది. సామేలు టెలిస్కోపుది చిన్న గొట్టం, అందులోకి చేరే వెలుగే తక్కువ. ఆకాశంతో పాటు చుక్కలూ చీకట్లో మునిగిపోయాయి.

రాజమౌళి కన్ను పెట్టి చూశాడు. "బొగ్గుల బస్తల తలకాయ వెట్టినట్టుంది. నిన్ను మోసం జేసిన్రు."

"ఫిల్టరు వెలుగు ఇయ్యదు తమ్మీ. అడ్డమున్నదాన్ని ఆపుతది, గంతే. గిది జర ఎక్వనే ఆపింది."

రెండోది ఆ ఆకుపచ్చతో పాటు పక్కనున్న నీలి వెలుగునూ రానిస్తుంది. తెల్ల దీపంలో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి దాన్ని ఏ ఫిల్టరూ పూర్తిగా ఆపలేదు. దీపం కంట పడకుండా సామేలు తలమీద గొంగడి కప్పుకున్నాడు. కన్ను చీకటికి అలవాటు పడేదాకా కదలలేదు. అప్పుడు నల్లబడ్డ ఆకాశం మీద బూడిదరంగు రెక్క ఒకటి మెల్లగా విచ్చుకుంది, తర్వాత రెండోది.

గొంగడి రాజమౌళికి ఇచ్చాడు. అతను చాలాసేపు చూశాడు.

"గింతేనా? పొగ లెక్కున్నది. దీపం ఆపితే ఇంకా మంచిగ కనవడ్తది."

"కనవడ్తది," అన్నాడు సామేలు. "అయినా దీపం ఆపను."