గ్రహణం తర్వాత కొత్త కుండ

నాకు మనుషులతో పడదు. ఇది నేను చెప్పుకునే మాట కాదు, నరసరావుపేటలో మా బడి టీచర్లంతా కలిసి తీర్మానించిన మాట. హెడ్మాస్టరు మొహం మీదే అనేశారు: "కృపావరం, నీకు సైన్సు వచ్చుగానీ మాట్లాడటం రాదయ్యా." నలభై రెండేళ్ళొచ్చినా పెళ్ళి లేదు. అమ్మా నాన్నా పోయారు. మాచర్లలో ఉన్న చెల్లెలు మేరీ క్రిస్మస్‌కి ఒక కార్డు ముక్క రాస్తుంది. ఇంటికొస్తే నాకు తోడు గాజు తొట్టిలో ఆరు ఎర్ర చేపలు. అవే చాలని అందరితో అనేవాణ్ణి. అది అబద్ధం. సాయంత్రం నాలుగున్నరకు బడి గంట కొడితే పిల్లలందరూ అరుచుకుంటూ ఇళ్ళకు పరిగెత్తేవాళ్ళు. నాకు మాత్రం ఆ గంట వింటే గుండెల్లో రాయి పడ్డట్టుండేది.

నేనుండేది రామాయమ్మగారి ఇంటి ముందుగదిలో. ఆమెకు అరవై దాటాయి. భర్త పోయాడు, పిల్లల్లేరు. నకరికల్లు దగ్గర పదెకరాలు, పెరట్లో రెండు గేదెలు ఉన్నాయి. బయటివాళ్ళకు, అందులోనూ ఊరవతల పేటలో పుట్టిన మా వాళ్ళకు గది అద్దెకిచ్చిందని ఆమె చుట్టాలు గొణిగారట. "వాడు మేష్టరు, వేళకు అద్దె ఇస్తాడు, మీరిస్తారా?" అని నోరు మూయించిందట.

అద్దెకైతే ఇచ్చింది గానీ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నా గడప దాటి లోపలికి రాలేదు. ఎందుకో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. నా కిటికీ ఆమె వాకిట్లోకి తెరుచుకుంటుంది. తొట్టి ఆ కిటికీ పక్కనే పెట్టాను. పాలు పితికాక, రోజూ సాయంత్రం ఆమె వచ్చి వాకిట్లో నిలబడి కిటికీలోంచి చేపల్ని చూసేది.

"ఏమయ్యా మేష్టరూ, ఆ తోక పెద్దది ఇయ్యాల అలిగిందేంది?"

"దానికి కడుపు నిండింది పిన్నమ్మగారూ."

"కడుపు నిండితే అలుగుతారంట్రా ఎవురైనా? నీకేం తెలవదు, నువ్వు ఊరుకో."

అలా ఓ అరగంట గడిచేది. రోజు మొత్తం మీద నేను తిట్టకుండా మాట్లాడిన అరగంట అదే. ఆమె వెళ్ళాక కిటికీ రెక్కలు వెంటనే మూయబుద్ధయ్యేది కాదు.

తొట్టి గురించి కొంచెం చెప్పాలి. ఇనుప చట్రానికి అద్దాలు బిగించి నేనే చేయించాను. పక్కన ఎత్తుబల్ల మీద, అడుగున చిల్లి పెట్టిన మట్టికుండలో బొగ్గులు, ముతక ఇసుక ఉండేవి. పొద్దున పది చెంబులు, సాయంత్రం పది చెంబులు తొట్టి నీళ్ళు ముంచి కుండలో పోస్తే, వడకట్టుకుని బొట్టుబొట్టుగా తిరిగి తొట్టిలో పడేవి. మొదటి ఏడాది, శుభ్రం అంటే మనకు పిచ్చి కదా, ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే తొట్టీ ఇసుకా కుండా అన్నీ తెల్లగా తోమేశాను. వారం తిరగకుండా చేపలన్నీ చచ్చాయి. తొమ్మిదో తరగతికి నత్రజని చక్రం గురించి బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పే పెద్దమనిషికి అప్పుడు బుద్ధొచ్చింది. చేపలు వదిలే విషాన్ని అరిగించే సూక్ష్మజీవులు ఇసుకకీ బొగ్గులకీ పట్టిన ఆ జిగురులోనే ఉంటాయి. దాన్ని కడిగేస్తే నీళ్ళు అద్దంలా మెరుస్తాయి, చేపలు మాత్రం తమ విషంలో తామే ఉడికిపోతాయి.

పందొమ్మిది వందల అరవై ఏడు వేసవికి తొట్టి అడుగు ఇసుక నల్లబడి కుళ్ళు వాసన కొట్టడం మొదలైంది. మార్చక తప్పలేదు. కారెంపూడి బస్సెక్కి పోయి నాగులేట్లోంచి బస్తాడు ముతక ఇసుక తెచ్చాను. మార్చిలో సగం మార్చాను, ఏప్రిల్ నడిమికి మిగతా సగం. ఆ రెండు నెలలూ కుండను ముట్టుకోలేదు. అడుగు ఇసుక కొత్తదయ్యాక ఇక తొట్టికి ఉన్న ప్రాణమంతా ఆ కుండలోని పాత బొగ్గుల్లోనే. కొత్త ఇసుకకు జిగురు పట్టేదాకా కుండ జోలికి పోకూడదు. ఇదంతా నాకు తెలుసు. రామాయమ్మగారికి చెప్పలేదు.

అంతలో పరీక్ష పేపర్లు దిద్దడానికి గుంటూరు రమ్మని ఆర్డరొచ్చింది. ఆదివారం వెళ్ళి శుక్రవారం రావాలి. గదికి తాళం వేసి, తాళంచెవి ఎప్పట్లాగే ఇంటావిడకిచ్చాను.

"కిటికీలోంచి పూటకు పది చెంబులు కుండలో పొయ్యండి, చిటికెడు రొయ్యపొడి వెయ్యండి, అంతే," అన్నాను.

"అంతేలేవయ్యా, గేదెల్ని సాకేదాన్ని, చేపల్ని సాకలేనా?" అంది.

సోమవారం చంద్రగ్రహణం. చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడని గుంటూరులో మా పక్క మంచం మేష్టరు చెబితే విన్నాను. నా పాటికి నేను పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చి తలుపు తీస్తే గది ఘుమఘుమలాడుతోంది. నేలంతా పసుపు నీళ్ళతో కడిగి ఉంది. తొట్టి అద్దాలు తళతళ మెరుస్తున్నాయి. అడుగున ఇసుక తెల్లగా, బియ్యం కడిగినట్టు ఉంది. బల్ల మీద ఎర్రటి కొత్త కుండ, అందులో నిగనిగలాడే కొత్త బొగ్గులు. చేపలు ఆరూ నీటి పైకొచ్చి, మూతులు గాలిలో పెట్టి ఎగపోస్తున్నాయి.

నా వెనకే రామాయమ్మగారు వచ్చింది. వాకిట్లో కాదు, గడప లోపలికే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"చూశావంటయ్యా? గ్రహణం పట్టిన నీళ్ళు ఎట్టా ఉంచుతాం? మా ఇంటో కుండలన్నీ పారేసి కొత్తయి తెచ్చా, నీక్కూడా ఒకటి తెచ్చా. మేకుతో చిల్లి నేనే పెట్టా. రెండు పగిలినయ్, మూడోది నిలిచింది. మంగళారం పొద్దుణ్ణించీ ఒక్కదాన్నే చేశా."

"పాత కుండ ఏది?"

"దిబ్బ మీద పారేశా."

పరిగెత్తాను. దిబ్బ మీద పెంకులు, బొగ్గులు మూడు రోజుల ఎండకు పెళపెళా ఎండిపోయి ఉన్నాయి. అందులో బతికుండేది ఏమీ లేదు. పిడికెడు బొగ్గులు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా గదిలోనే ఉంది, ఏదో తప్పు జరిగిందని అప్పుడే అర్థమవుతున్నట్టు చూస్తోంది. నాకు ఒళ్ళు తెలియలేదు.

"ఎవరు కడగమన్నారు మిమ్మల్ని? చంపేశారు! మీ మడి మూఢత్వం నా గదిలోకి ఎందుకు తెచ్చారు? నాలుగేళ్ళు గడప తొక్కలేదు. నేనుండే చోటు మైలపడిందని కడగడానికైతే వచ్చారా?"

ఆమె నా పిడికిట్లోని బొగ్గుల వైపు చూసింది.

"మా ఇల్లుగూడా కడిగానయ్యా," అంది. "మా ఇల్లు కడిగినట్టే కడిగా."

తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత నేను చేసిందంతా సైన్సు ప్రకారం చేశాను. మేత ఆపేశాను. బావి నీళ్ళు తోడి ఒక పూట గంగాళంలో ఉంచి, రోజుకు తొట్టిలో పావు వంతు మారుస్తూ వచ్చాను. చేతులు పడిపోయేట్టు చెంబుతో ఎత్తిపోశాను, నీటికి గాలి తగలాలని. మొదటి వారంలో మూడు పోయాయి. రెండో వారంలో ఇంకొకటి. మిగిలిన రెండింటి కోసం బడి సెలవులన్నీ ఆ గదిలోనే గడిపాను. పాలచెంబు పనిమనిషి కోటమ్మ తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళేది. కిటికీ బయట సాయంత్రం ఎవరూ నిలబడలేదు.

కంటికి కనపడని జీవాల కోసం నలభై రోజులు ఓపిక పట్టాను. మంగళవారం పొద్దుటి నుంచి ఒంటరిగా నా నేల కడిగిన మనిషి విషయంలో ఒక్క నిమిషం ఓపిక పట్టలేకపోయాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరింట్లోనూ గడప లోపలికి రమ్మనిపించుకోని పుట్టుక నాది, ఆ కారం ఎక్కడో ఉంది. దాన్ని తెచ్చి, నా గడప లోపలికి వచ్చిన ఒకే ఒక్క మనిషి కళ్ళలో కొట్టాను. ఆమె ఆ గడప దాటడానికి లోపల ఎంత తేల్చుకుని ఉంటుందో నేను ఆలోచించనే లేదు. చేపలు పోయినందుకు ఏడవలేదు గానీ ఇది తోచిన రోజు ఏడ్చాను.

జూన్‌లో కుండ బొగ్గులకు సన్నటి జిగురు కనబడింది. చేపలు రెండూ నీటి అడుగుకు దిగి ఇసుకలో మూతులు పెట్టి వెతుక్కుంటున్నాయి. తొట్టి తేరుకుంది. నేను గేదెల కొట్టం దాకా వెళ్ళాను. ఆమె దూడను కట్టేస్తోంది.

"పిన్నమ్మగారూ, తప్పు నాది. మీకు ముందే చెప్పి ఉండాల్సింది. ఆ మాట అనకూడనిది."

"అయ్యో, ఏముందిలేయ్యా," అంది ఆమె, తాడు ముడివేస్తూ. "బతికినయ్యా?"

"రెండు బతికాయి. తోక పెద్దది ఉంది. వచ్చి చూడండి."

వచ్చింది. నేను ముందు నడిచి తలుపు బార్లా తీసి పట్టుకున్నాను. ఆమె గడప దగ్గర ఆగి ఒకసారి లోపలికి చూసింది. కడిగి, ముగ్గు పెట్టి ఉంచాను ఆ పొద్దున.

"లోపలికి రండి పిన్నమ్మా."

"వద్దులేయ్యా, కాళ్ళు మట్టిగా ఉన్నయ్."

నీళ్ళు తెస్తానన్నాను. అక్కర్లేదంది. గడప బయటే నిలబడి, మెడ చాచి చేపల్ని చూసింది. బాగుండయ్ అంది. ఇంకేమీ అడగలేదు. కొట్టంలో దూడ అరిస్తే వెళ్ళిపోయింది. నేను తలుపు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను.